గుంటగలగరాకుకు చెప్పిన పేరు

నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తి చెప్పండి. అంతా విన్నాక "ఇవన్నీ కోతలప్పా" అంటే ఒప్పుకునేది లేదు. ఇది తొంభై ఆరో సంవత్సరంలో జరిగింది. పుంగనూరు నుంచి కుప్పం దాకా అందరికీ తెలిసిందే.

మదనపల్లె టమాటా మార్కెట్లో పొద్దున ఆరింటికి దేవరాజు వేలంపాట ఎత్తుకున్నాడంటే, అడ్డమున్న లారీలు తమంతట తామే పక్కకు జరిగేవి. తంబళ్లపల్లెలో గొర్రెలు నిద్రలేచేవి. అంతటి మొనగాడు మండుటెండలో కూడా ఉన్ని టోపీ తీసేవాడు కాదు. అడిగితే తలనొప్పి, గాలి తగలకూడదు అనేవాడు. టోపీ కింద ఉండేది చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు. ఎనిమిది పెళ్లిచూపుల్లో ఎనిమిదిసార్లు ఆ టోపీ తీయాల్సి వచ్చింది. ఎనిమిదిసార్లూ కాఫీ చల్లారకముందే తిరుగు బస్సెక్కాల్సి వచ్చింది.

తొమ్మిదోది కుప్పం సంబంధం. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే వెంకటస్వామి కూతురు, పేరు సరళ. ఫోటోలో నవ్వును బలవంతాన ఆపుకుని నిలబడి ఉంది. ఆ ఫోటో జేబులో పెట్టుకున్నప్పటి నుంచి దేవరాజుకు పచ్చికాయకూ మాగినదానికీ తేడా తెలియకుండా పోయింది. ఈ పిల్ల కూడా కాదంటే ఇక జన్మలో పెళ్లి మాట ఎత్తనని వాళ్లమ్మకు చెప్పేశాడు. అవతలివాళ్లు ఆషాఢం పోయినాక రమ్మన్నారు. అంటే చేతిలో నెల పైన ఉంది.

పుంగనూరు అవతల పల్లెలో ఉండే మునిలక్ష్మమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆమె పెరట్లో, స్నానాల నీళ్లు పారేచోట, కాలు పెట్టే సందు లేకుండా గుంటగలగరాకు పెరిగేది. ఆ రసం మజ్జిగలో కలిపి తాగితే, కామెర్లతో మంచం మీద వచ్చినవాడు మూడో రోజు ఆ మంచాన్నే నెత్తిన పెట్టుకుని నడిచిపోయేవాడు. రసంలో తడిపిన గుడ్డను ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదంలో వెలిగించి కాటుక పడితే, అది పెట్టుకున్న ముసలమ్మలు చీకట్లో సూదికి దారం ఎక్కించేవాళ్లు. ఇక నువ్వుల నూనెలో కాచి తలకు రుద్దితే జుట్టు సంగతి చెప్పే పనే లేదు.

ఒకటే పద్ధతి. ఆకు కోసేముందు మొక్క ఎదుట గొంతుక్కూర్చుని, మందు ఎవరికో, ఎవరి బిడ్డో, ఏ ఊరో గట్టిగా చెప్పాలి. మొక్క విని, ఆ మనిషికే పనిచేసేది. అడ్రసు లేకుండా పోస్టులో వేసిన ఉత్తరం ఎవరికి చేరుతుంది? ఇదీ అంతే.

దేవరాజు గొంతుక్కూర్చున్నాడు. వెనక పదకొండుమంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. అందులో ఇద్దరు మదనపల్లె మార్కెట్లో గంపలు మోసేవాళ్లు. లారీలను జరిపిన మనిషి టోపీని చెవులదాకా లాక్కున్నాడు.

"ఎవరికప్పా?" అంది మునిలక్ష్మమ్మ.

"నాకు కాదమ్మా."

"మరెవరికి? మొక్క కాసుకోనుండాది, తొందరగా సెప్పు."

జేబులో ఉన్న ఫోటో తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. "సరళకు. కుప్పం వెంకటస్వామి కూతురికి" అనేశాడు.

మొక్క తల ఊపింది. మునిలక్ష్మమ్మ అరచేతులు నల్లబడేదాకా ఆకు నూరి, నూనెలో చిటపటలు ఆగేదాకా కాచి, సీసాకు పోసి ఇచ్చింది.

పేరు ఎవరిదైతేనేం, రుద్దేది నా తలకే కదా అనుకున్నాడు దేవరాజు. రోజూ తెల్లారి ఐదింటికి లేచి అరగంట రుద్దేవాడు. పక్కింటి పిల్లి వచ్చి ఆ తలలో ముఖం చూసుకుని మీసాలు సర్దుకునేంతగా రుద్దేవాడు. ఒక్క వెంట్రుక మొలిస్తే ఒట్టు.

శ్రావణంలో వాళ్లమ్మను వెంటబెట్టుకుని, టోపీతోనే కుప్పం బస్సెక్కాడు. వెంకటస్వామి ఇంటికి చేరేసరికి, వాళ్లావిడ వసంతమ్మ వాకిట్లో కూర్చుని ఒక జడకొసకు సాంబ్రాణి పొగ పడుతోంది. ఆ జడ నడవ దాటి, గదులు రెండూ దాటి వంటింట్లోకి పోయింది. దాని మొదట్లో సరళ కూర్చుని బియ్యం ఏరుతోంది.

"దాటుకోని రాప్పా, తొక్కబాకు" అంది వసంతమ్మ.

పెద్దవాళ్లు వానల సంగతి మాట్లాడుకున్నారు. సరళ జడను చుట్టలుగా ఒళ్లో పెట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఆ టోపీ ఒకసారి తీస్తారా?" అంది.

తలనొప్పి కథ నాలుక చివరిదాకా వచ్చింది. దేవరాజు ఆ జడను చూశాడు. టోపీ తీసి, మొక్క ముందు ఎవరి పేరు చెప్పాడో, ఏ సిగ్గుతో చెప్పాడో మొత్తం కక్కేశాడు. తిరుగు బస్సు ఎన్నింటికో అని వెంకటస్వామి గోడ గడియారం వైపు చూశాడు.

సరళ ఒళ్లోని జడ చుట్టలు తీసి పక్కన పెట్టింది. పోయినేడు టైఫాయిడ్ వచ్చి తన జుట్టంతా రాలిపోయిందని, ఫోటోలో ఉన్నది పెట్టుడు జుట్టని, అది తెలిసి మూడు సంబంధాలు వెనక్కి పోయాయని అప్పుడు చెప్పింది. ఆషాఢం మొదలైనప్పటి నుంచి తెల్లారి ఐదింటికల్లా ఎవరో తన తల రుద్దుతున్నట్టు ఉండేదట.

"అది మీరేనా? బాగా రుద్దుతారు" అంది.

"ఆదివారాలు కూడా మానలేదు" అన్నాడు దేవరాజు.

"తెలుసు. ఆదివారం ఇంకా ఎక్కువ సేపు."

నెల తిరక్కముందే పెళ్లయింది. ఇప్పటికీ దేవరాజు తెల్లారి ఐదింటికి లేచి తన నున్నటి తలకు నూనె రుద్దుకుంటాడు. పక్కన సరళ కళ్లు మూసుకుని, "ఇంకొంచెం ఎడమపక్క" అంటుంది.

ఇంకా అనుమానమా? పెళ్లినాడు ఆ జడకు పట్టిన మల్లెపూలు నూటపదహారు మూరలు. కట్టిందీ, తన చేత్తో కొలిచిందీ కుప్పం బస్టాండు దగ్గర పూలమ్మే మనిషి. పోయి అడగండి. పేరు మంగమ్మ.