సర్దార్‌బీ వద్దన్న చెయ్యి

మగ్దలీనమ్మ చెయ్యి పడితే చాలు, కాన్పు సులువైపోతుందని వాకాడు చుట్టుపక్కల పేరు. గిన్నెలకు కళాయి పూసే పనివాడు చోటే సాహెబ్ సైకిలేసుకుని సర్కారు ఆరోగ్య కేంద్రానికి పోయి, అంతటి నర్సమ్మను వెంటబెట్టుకొస్తే, నొప్పులు పడుతున్న అతని భార్య సర్దార్‌బీ ఒక్కటే మాట అనేసింది. "ఈమె నన్ను ముట్టుకోవద్దు."

అత్త ముంతాజ్ బేగం నెత్తి కొట్టుకుంది. "ఈ చుట్టుపక్కల ఈమె తప్ప ఇంకో దిక్కు లేదు గదా, నీకేమన్నా పిచ్చా మే? దాని మాటకేం గానీ నర్సమ్మా, నేను దీని కాళ్లు అదిమి పట్టుకుంటా, నువ్వు చూడు."

పట్టుకుంటే పని జరిగిపోయేదే. ఇదివరకు పనిచేసిన పెద్దాసుపత్రిలో మగ్దలీనమ్మ పదేళ్లు అట్లాగే జరిపింది. మూడేళ్ల కిందట అక్కడ ఈ సర్దార్‌బీకి తొలికాన్పు చేసింది కూడా ఆమే. ఇద్దరు ఆయాలు కాళ్లు అదిమిపట్టారు. అరిచిందని తొడ మీద ఒక్కటిచ్చింది. పుట్టిన బిడ్డలో ఊపిరి లేదు. చూస్తే తల్లి తట్టుకోలేదని తనే తీర్మానించేసి, గుడ్డలో చుట్టి తీసుకుపోయింది. అదేదో మేలు చేసినట్టే అనుకుంది, మహాతల్లి.

"నా బిడ్డను నాకు చూపించలా ఈమె" అంది సర్దార్‌బీ.

మగ్దలీనమ్మకు ముందు కోపమే వచ్చింది. నేను లేకపోతే ఏమైపోతావన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. సంచీ కింద పెట్టి, చెయ్యి అందనంత దూరంలో కూర్చుంది.

"తప్పు చేశా బిడ్డా. నిన్ను అడగాల్సింది, అడగలా. నువ్వు రమ్మనేదాకా కదల్ను. వద్దంటే వాకిట్లో కూర్చోని మీ అత్తకు చెప్పి చేయిస్తా."

ఒక నొప్పి వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో మగ్దలీనమ్మకు ఆ రోజే తెలిసింది.

గోడవైపు తిరిగే అడిగింది సర్దార్‌బీ. "ఆడా, మగా?"

ఈ మూడేళ్లలో ఆమెకు ఆ సంగతి చెప్పిన మనిషి లేడు.

"ఆడబిడ్డమ్మా. తల నిండా జుట్టు. గెడ్డం అచ్చం నీదే. నేను మరిచిపోలా."

సర్దార్‌బీ భోరుమంది. కాళ్లు పట్టుకుంటానన్న అత్త కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడ్చి ఏడ్చి, మళ్లీ నొప్పి మొదలయ్యేసరికి సర్దార్‌బీ ఇటు తిరిగింది.

"రా. ఏం చేసినా ముందు చెప్పి చెయ్యి."

చెప్పే చేసింది. పొట్ట మీద చెయ్యి పెట్టనా అని అడిగింది. ఆగమంటే ఆగింది. పడుకోలేనంటే మోకాళ్ల మీదే ఉండనిచ్చింది, నడుము నిమరమంటే నిమిరింది.

పొద్దు వాలి, అసర్ నమాజు వేళకు బిడ్డ కెవ్వుమంది. మగ్దలీనమ్మ ఆ తడిబిడ్డను అట్లాగే తల్లి గుండెల మీదికి చేర్చి, పైన గుడ్డ కప్పి, మొహం అటు తిప్పుకుంది.

వేడినీళ్లతో వచ్చిన ముంతాజ్ బేగం ఆత్రం పట్టలేకపోయింది. "ఏం బిడ్డ, నర్సమ్మా?"

"నేను చూడలా. తల్లి చూసి చెప్తాది, ఉండు."

ఇద్దరూ నిలబడి ఎదురుచూశారు. సర్దార్‌బీ గుడ్డ తొలగించి, తనివితీరా చూసుకున్నాక గానీ చెప్పలేదు.