ఫ్లెక్సీ మీది పిల్ల

"ఆ బొమ్మలో ఉన్నది మా పిల్లే. దాన్ని కదపొద్దు. వత్తన్నాం."

అంతే, ఫోను పెట్టేశాడు. ఎవరో, ఎక్కడివాడో, ఏ బొమ్మ సంగతి మాట్లాడుతున్నాడో ఒక్క ముక్క అడగనివ్వలేదు. పావని ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ గొంతు పెద్దదేం కాదు. తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది, తిట్లు ఎలా కాచుకోవాలో నిన్నట్నుంచీ ఆమెకి బాగానే అలవాటైంది.

మరి తిట్టరా? నోటినిండా కోరపళ్ళున్న పసిపాప, నాలుక బదులు పీత వేలాడుతున్న పెళ్ళికూతురు, పొట్ట కోస్తే పీచుమిఠాయి బయటపడే పెయ్యదూడ, వీటన్నిటినీ గోడకి కొట్టి రండి చూడండి అంటే అనకాపల్లిలో ఎవరికి మండదు? "చీకటి మిఠాయి" అని గేటుకి బ్యానరు కట్టింది. దాని కింద చిన్న అక్షరాలతో "పాప్ సర్రియలిస్టు చిత్రాలు" అనీ, ఆ పక్కన తన ఫోను నెంబరూ రాయించింది. దీన్నే లోబ్రౌ ఆర్టు అని కూడా అంటారు. పెద్ద గ్యాలరీలవాళ్ళు మొహం చిట్లించే బాపతు. కార్టూన్లు, చాక్లెట్ కాగితాలు, తిరునాళ్ళ బొమ్మలు అన్నీ తెచ్చి ఒకచోట కలిపి, చూసేవాళ్ళకి పీడకలలు తెప్పించడం దాని పని. ముద్దుగా ఉండాలి, చూస్తుంటే ఒళ్ళు జలదరించాలి. విశాఖలో బొమ్మలు నేర్చుకుని వచ్చిన ఈ తుమ్మపాల చెరుకురైతు కూతురికి ఆ పిచ్చి పట్టుకుంది.

తమాషా ఏమిటంటే పావని పరమ పిరికిది. బొద్దింక కనబడితే మంచమెక్కుతుంది. తెలియని నెంబరునుంచి ఫోనొస్తే రెండోసారి మోగేదాకా ఎత్తదు.

హాలు మావయ్య త్రినాధరావుది. కల్యాణమండపం మేడమీది హాలు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేక ఖాళీగా పడివుంది కాబట్టి మేనకోడలికి మూడురోజులు ఇచ్చాడు. ఇచ్చిన క్షణం నుంచీ ఒకటే నస.

"ఎవరే ఫోను?" అన్నాడు, విసనకర్రతో దోమల్ని కొట్టుకుంటూ.

"ఎవరో మావయ్యా. బొమ్మలో ఉన్నది వాళ్ళ పిల్లట. వస్తన్నారట."

"ఏ బొమ్మలో?"

చెప్పలేదు అంది పావని. కానీ కళ్ళు అప్పటికే వేదికకేసి వెళ్ళిపోయాయి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే చోట, ఆ ముఖమల్ గోడకి ఆనించి పెట్టిన పెద్ద బొమ్మ. నాలుగడుగుల బొమ్మ. నీళ్ళ అడుగున ఒక పిల్ల కూర్చుని ఉంది. నెత్తిమీద అట్ట కిరీటం. చుట్టూ బెలూన్లు, వాటికి కింద తోకలు, జెల్లీచేపలైపోయాయి. మనుషుల పళ్ళున్న చేపలు ఆ పిల్ల ఒళ్ళో కేకు తింటున్నాయి. పిల్ల మాత్రం వాటికేసి చూడదు, ఎదురుగా ఉన్న మనకేసి చూస్తుంది. కళ్ళు చిన్న పళ్ళేలంత. నిన్న వచ్చిన కాలేజీ పిల్లలందరూ దాని ముందే ఫొటోలు దిగి, గేటు బ్యానరుతో సహా స్టేటస్సులు పెట్టుకున్నారు.

అది బట్టమీద వేసిన బొమ్మ కాదు. పావని బొమ్మలేవీ బట్టమీద వెయ్యదు, పాత ఫ్లెక్సీలమీద వేస్తుంది. నాన్న బెల్లం దిమ్మలమీద కప్పడానికి పాత సామాన్ల కొట్లోంచి చుట్టలు చుట్టలుగా కొనుక్కొస్తాడు. పుట్టినరోజులవీ, పెద్దమనిషి ఫంక్షన్లవీ, లీడర్లకి శుభాకాంక్షలవీ. వాటిలో ఏదో ఒక మొహం ఆమెకి నచ్చుతుంది. దాన్ని ఉంచి, మెడ సాగదీసి, బుగ్గలు లోపలికి తీసి, కళ్ళు మూడింతలు చేస్తుంది. ముందు కళ్ళే. అవి తెరిపిస్తే తప్ప ఆమెకి కుంచె సాగదు.

ఒక్క నియమం ఉంది. అక్షరాలు చదవదు. ఆ మొహం ఎవరిదో, పేరేమిటో తెలిస్తే చెయ్యి రాదని ఆమె నమ్మకం. అందుకని ఫ్లెక్సీని బోర్లా పరిచి, మొహం ఉన్నవైపు నుంచి నాలుగడుగులు కొలిచి, అక్షరాలున్న మిగతా ముక్క వెనకనుంచే కోసి నాన్నకి ఇచ్చేస్తుంది. ఈ పిల్ల ఫ్లెక్సీ కూడా అలాగే కోసింది. బెలూన్లున్నాయి, కిరీటం ఉంది. పుట్టినరోజుది అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు.

"పెద్ద బొమ్మేనా?" అన్నాడు మావయ్య, ఆమె చూపు పట్టుకుని. "అయితే దింపీ. కింద వంటశాలలో గుండిగల ఎనకాల పెట్టేద్దాం. వచ్చినోళ్ళకి అమ్ముడైపోయిందని సెప్దాం."

"కదపొద్దన్నాడు మావయ్యా."

"ఆడెవడే మన హాల్లో మన బొమ్మని కదపొద్దనడానికి!"

మాటైతే గట్టిగానే అన్నాడుగానీ లేచి వెళ్ళలేదు. ఇద్దరూ ఆ బొమ్మకేసి చూస్తూ కూర్చున్నారు. పదకొండైంది, పన్నెండైంది. మెట్లమీద ఎవరి అడుగు వినబడినా పావని గుమ్మంకేసి చూసేది. ముక్కుమొహం తెలియని ఒక పిల్లకి తను చేసిందేమిటో అప్పటికిగానీ తెలిసిరాలేదు. ఆ అమ్మ వచ్చి, తన బిడ్డ ఒళ్ళో పళ్ళున్న చేపల్ని చూస్తుంది. ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? పన్నెండున్నరకి ఇంక ఉండబట్టలేక లేచింది. "పట్టు మావయ్యా, దింపేద్దాం" అని బొమ్మకి ఒకవైపు చెయ్యి వేసింది.

అప్పుడే వాళ్ళు వచ్చేశారు.

మొగుడూ పెళ్ళాం. అతనికి నలభై ఉంటాయి, ఎండకీ ఉప్పుగాలికీ మాడిన ఒళ్ళు, ఇస్త్రీ చొక్కా. చంకలో ఏదో చుట్ట. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. అతను మాత్రం కోరపళ్ళ పాపనీ, పీత పెళ్ళికూతుర్నీ ఏదీ చూడకుండా నేరుగా వేదిక దగ్గరికి నడిచి, మెట్ల దగ్గర చెప్పులు విప్పాడు. గుడి మెట్ల దగ్గర విప్పినట్టే విప్పాడు. అది చూసి పావని బొమ్మమీంచి చెయ్యి తీసేసింది.

"నా పేరు కొర్లయ్య తల్లీ. మాది రాంబిల్లి అవతల, సంద్రం ఒడ్డు. అది మా ఇంటిది, చిన్నమ్మలు. ఇది మా గుంట, కుమారి." 'ఇది' అన్నప్పుడు బొమ్మని చూపించాడు.

చంకలో చుట్ట తీసి నేలమీద పరిచాడు. అలాంటిదే ఇంకో ఫ్లెక్సీ. అవే బెలూన్లు, అదే కిరీటం, మామూలు కళ్ళతో నవ్వుతున్న అదే పిల్ల. కింద, ఆమె చదవకుండా కోసి పారేసిన చోట, ఎర్రటి అక్షరాలు. కనబడుట లేదు. పేరు కుమారి. వయస్సు తొమ్మిది సంవత్సరములు. ఆచూకీ తెలిసినవారు దయచేసి... ఆ కింద ఫోను నెంబరు. పావని ఒకటికి రెండుసార్లు చదివింది.

"పుట్టినరోజుకి ఏయించిన ఫోటో ఒకటే ఉంది మాకాడ" అన్నాడు కొర్లయ్య, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "బెలూన్లు తీసీమన్నాను. కంప్యూటర్లో అలగే ఉండిపోయింది, తియ్యడం రాదన్నాడు షాపోడు. ఒడ్డుమీంచి అందరం పెద్ద వల లాగుతుంటే కెరటం ఈడ్సుకుపోయింది తల్లీ దాన్ని. మూడేళ్ళయింది. దొరకలేదు. దొరకలేదంటే ఎక్కడో ఒడ్డుకి కొట్టుకొచ్చుంటాది గదా. ఎవలో తీసి బతికించుంటారు. అందుకే ఊరూరా కట్టేను. తుపానొచ్చినప్పుడల్లా సిరిగిపోతాయి, మల్లీ కడతాను."

"నన్ను క్షమించండి. నాకు..."

"క్షమించడమేటమ్మా! నువ్వు దేవతవి. ఎక్కడ సూసేవు దాన్ని?"

పావనికి అర్థం కాలేదు. కొర్లయ్య వేదికెక్కి బొమ్మ మెడ దగ్గర వేలు పెట్టాడు, తగలకుండా. "ఫోటోలో తొమ్మిదేళ్ళది. ఇందులో పన్నెండుంటాయి. మెడ సాగింది. బుగ్గలు తీసీసేయి. సూడు, ఈడొచ్చింది నా తల్లికి. సూడకుండా ఎలాగేత్తావు? ఈమద్దెన సూసేవు గదా నువ్వు?"

ఓరి దేవుడా అనుకుంది పావని. మెడ సాగదీసింది తను. బుగ్గలు తీసేసింది తను. అన్ని బొమ్మలకీ అంతే చేస్తుంది. ఆ మనిషి కళ్ళల్లో వెలుగు చూస్తుంటే, నిన్నట్నుంచీ తిట్టినవాళ్ళందరూ ఒక్కసారి మీదపడినా నయమనిపించింది.

త్రినాధరావు మంచివాడే. మంచివాడు కాబట్టే కంగారులో ఆ మాట అనేశాడు. "ఎక్కడో సూసే ఉంటాది బావా. బీచిలోనో, రైల్లోనో. మరిసిపోయుంటాది. నువ్వు ఇంటికెల్లు, గుర్తొత్తే ఫోను సేత్తాది."

"రైల్లోనా?" కొర్లయ్య గిర్రున తిరిగాడు. "ఏ రైలు? ఎటెల్లే రైలు తల్లీ?"

నోరు మూసుకుని తల ఊపితే చాలు, ఈయన వెళ్ళిపోతాడు. కానీ రేపట్నుంచి స్టేషన్లన్నీ తిరుగుతాడు. తిరుగుతూనే ఉంటాడు.

"నేను చూళ్ళేదండీ" అంది. "ఎక్కడా చూళ్ళేదు. పాత సామాన్ల కొట్లో కొన్న ఫ్లెక్సీ అది. దానిమీదే రంగులేశాను. మెడా బుగ్గలూ నేను కల్పించినవి. కింద ఏం రాసుందో కూడా చదవలేదు."

"అబద్దం."

"ఒట్టండీ."

"అబద్దం!" కొర్లయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వలతాళ్ళు లాగిన చెయ్యి. ఎముక విరిగిపోతుందనుకుంది పావని. "ఎవలు సెప్పొద్దన్నారు నీకు? ఎవలి కాడుంది నా పిల్ల? పన్లో ఎట్టుకున్నారా? ఎంత భయపెట్టేరు నిన్ను? సెప్పు!"

"ఏయ్, వదులు!" అంటూ త్రినాధరావు అడ్డం వచ్చాడు. అతణ్ణి ఒక్క తోపు తోశాడు కొర్లయ్య. పోయి పెళ్ళికుర్చీలో పడ్డాడు. ఇంక అయిపోయిందనుకుంది పావని.

"సెయ్యొదిలీ మావా."

చిన్నమ్మలు. ఎప్పుడు నడిచి వచ్చిందో, వేదిక మీదే ఉంది. నోటికి చెంగు అడ్డం లేదు ఇప్పుడు. మొగుడికేసి చూడలేదు, పావనికేసీ చూడలేదు. బొమ్మకేసి, ఆ కళ్ళకేసి చూస్తోంది.

"ఇలగే" అంది. "సరిగ్గా ఇలగే సూసిందమ్మా. కళ్ళు మూసీ."

"ఓలె, నీకు మతోయిందేటి?" అన్నాడు కొర్లయ్య.

"ఆయేళ నువ్వు వలకేసి సూత్తన్నావు మావా. అందరూ వలకేసే సూత్తన్నారు. నానొక్కదాన్నే దానికేసి సూసేను. తాడు సివర అట్టుకునుంది. రెండో కెరటానికి ములిగింది. లేచింది. నాకేసి సూసింది, కళ్ళు ఇంతింత సేసుకుని. మల్లీ ములిగింది. మరి లేవలేదు."

కొర్లయ్య చెయ్యి పావని మణికట్టు మీదనుంచి జారిపోయింది.

"మూడేళ్ళు" అన్నాడు. "మూడేళ్ళు ఊరూరా తిరిగేను. సెప్పలేదేటే?"

"సెప్తే దాని ఎనకాలే నువ్వూ సంద్రంలోకి ఎల్లిపోయేవోడివి. ఎతుకుతున్నన్నాళ్ళూ బతికుంటావనుకున్నాను." చిన్నమ్మలు గొంతులో ఏడుపు లేదు. ఎప్పుడో అయిపోయినట్టుంది. "మనిల్లల్లో ఎవలన్నా పోతే ముందు కళ్ళు మూత్తాం. దీనికి మూసినోళ్ళు లేరు. రెప్పెయ్యకుండా అలగే సూత్తంది నాకేసి. నీకు సెయ్యెత్తి దండమెడతానమ్మా, మూసీ."

పావని జీవితంలో మూసిన కళ్ళు వెయ్యలేదు. అయినా రంగుల పెట్టె తెచ్చింది. ఆ పిల్ల చెంపరంగు కలపబోతే మూడుసార్లు తప్పింది. వెనక కొర్లయ్య ఉన్నాడు. మధ్యలో లేచి కుంచె లాక్కుంటాడని భయం. అంతకన్నా పెద్ద భయం, తను ఇప్పుడు వేస్తున్నది బొమ్మ కాదని తెలియడం. ముక్కుమొహం తెలియని పిల్ల చావుని తన చేత్తో పూర్తి చెయ్యాలి. చదవకుండా కోసిన చెయ్యి కదా, ఇంకెవరు చేస్తారు?

ఎడమకన్ను మీద రెప్ప దింపింది. పైనుంచి కిందికి, మెల్లగా, నల్లగుడ్డు మునిగేదాకా. చివర సన్నగా వెంట్రుకలు పెట్టింది. సగం మొహం నిద్రపోయింది. రెండో కన్ను ఒక్కటీ ఇంకా అలాగే చూస్తోంది, దానికేసి కుంచె ఎత్తబోయి ఆగిపోయింది. ధైర్యం చాల్లేదు. తల తిప్పి కొర్లయ్యకేసి చూసింది.

అతను ఫ్లెక్సీ పక్కన నేలమీద కూలబడి ఉన్నాడు. ఎర్ర అక్షరాలమీద అరచెయ్యి ఆనించి, బొమ్మకేసే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

"రెండోదీ మూసీ తల్లీ" అన్నాడు కొర్లయ్య. "ఒంటికన్ను తెరుసుకుని ఎలాగ తొంగుంటాది?"