మత్తు దిగేలోపు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన నడుము పట్టేసిన వారమే నేను ఆయన్ని వదిలి వెళ్ళాల్సింది. నేను కర్టెన్లు కుట్టే కొట్టుకి దగ్గర్లో గది కూడా చూసుకున్నాను. తాగుడు లేదు, తిట్టడం లేదు. పెళ్ళైన నాటి నుంచి బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవడం తప్ప ఆ మనిషిలో ఏ లోపమూ లేదు. గోడతో ఎన్నాళ్ళని కాపురం చేస్తాం?

నడుము పడిపోయాక మాత్రం మాటలొచ్చాయి. మంచం దిగాలన్నా నేనే, సాక్సు తొడగాలన్నా నేనే. "ఏమే, కాస్త పట్టుకో" అని రోజంతా పిలుపులే. ఇన్నేళ్ళకి మాట్లాడ్డం నేర్చుకున్నాడు, అదీ వెన్నుపూస పుణ్యమా అని.

"నువ్వు లేచి తిరిగేదాకా ఉంటాను. ఆ తర్వాత నా దారి నాది" అని మొహమ్మీదే చెప్పాను. ఆయన తలూపాడు. నాకు కోపం ఎప్పుడో చల్లారిపోయింది. జాలి కూడా కలగలేదు. తొడిగాను, పట్టుకున్నాను, అంతే.

మాత్రలయ్యాయి, వ్యాయామాలయ్యాయి. చివరికి నొప్పులకు వైద్యం చేసే డాక్టరుగారు ఒకరు కోత లేని దారి చెప్పారు. వెన్ను కీళ్ళ పక్కనుండే సన్నటి నరాలు నొప్పిని మోసుకొస్తాయట. ముందు ఎక్స్‌రే తెర మీద చూస్తూ వాటి దగ్గర మత్తు సూది వేస్తారు. అది పరీక్ష మాత్రమే. కొన్ని గంటలు నొప్పి పోతే తప్పు ఆ నరాలదేనని తేలినట్టు. అప్పుడు ఇంకోరోజు సూదితోనే వేడి పెట్టి వాటి నోరు మూయిస్తారు.

"ఇంటికెళ్ళి పడుకోవద్దు. ఏ పని చేస్తే ప్రాణం పోయినట్టుంటుందో ఆ పనే చెయ్యండి. సాయంత్రం ఫోన్ చేస్తాం, ఎంత తగ్గిందో ఉన్నదున్నట్టు చెప్పండి. తగ్గలేదంటే ఈ వైద్యం మీకు పనికిరాదు" అన్నారు డాక్టరుగారు.

సూది వేయించుకుని ఇంటికొచ్చాం. నేను వంటగదిలో ఉంటే పక్క గదిలో ఏదో ఈడ్చిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే, ఆయన వంగి మంచం కింద నుంచి ఇనప పనిముట్ల పెట్టె లాగుతున్నాడు. ఎత్తి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ దించాడు. మూలుగు లేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఠక్కున లేచాడు. గుమ్మంలో నన్ను చూసి గబుక్కున నడుం మీద చెయ్యేసుకున్నాడు.

సాయంత్రం ఫోన్ మోగింది. నర్సమ్మ గొంతు గదంతా వినిపించింది.

"ఎంత తగ్గింది సార్?"

"ఏమాత్రం తగ్గలేదమ్మా" అన్నాడు, నావైపు చూడకుండా.

నాకు అర్థమైంది. జీవితాంతం ఆ నొప్పితోనే పడుంటాడట, నేనుంటే చాలట. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెప్పిన ప్రేమ మాట ఇదొక్కటే, అదీ నర్సుతో చెప్పాడు. నా కళ్ళు చెమర్చాలి. చెమర్చలేదు. లోపల అంతా మొద్దుబారిపోయి ఉంది.

ఫోన్ లాక్కున్నాను. "అబద్ధమమ్మా. నొప్పి పూర్తిగా పోయింది. ఇంత బరువు పెట్టె ఎత్తి దించాడు, నా కళ్ళతో చూశాను. తేదీ ఇవ్వండి."

ఆవిడ తేదీ చెప్పింది. "ఆరోజు సార్‌కి తోడు మీరే వస్తారు కదమ్మా?"

ఆయన తలెత్తి నాకేసి చూశాడు.

"లేదమ్మా, వాళ్ళ చెల్లెలొస్తుంది" అన్నాను.