ఐదో నట్టు

మా పాళెంలో తెప్పకు ఒక్క ఇనుప మేకు ఉండదు. దుంగలను తాళ్ళతో బిగించి కట్టుకుంటాం, ఒడ్డుకొచ్చాక విప్పి ఆరబెట్టుకుంటాం. అందుకని మా అమ్మకు ఉప్పంటే భయం లేదు. నాన్న వేటకు పోయే రోజుల్లో ప్రతి శుక్రవారం గుప్పెడు కల్లుప్పు తెప్ప చుట్టూ మూడుసార్లు తిప్పి, చెంబుడు నీళ్ళలో కరిగించి, తెప్ప ముందు కొస మీద పోసేది. నాన్న మంచంలోనే పోయాడు, సముద్రంలో పోలేదు. అది తన ఉప్పు చలవేనని అమ్మ నమ్మకం.

నేను డ్రైవరునయ్యాక ఆ దిష్టి కారుకు మారింది. కారు గూడూరు రొయ్యల వ్యాపారి పద్మనాభయ్యగారిది. తెల్లారేసరికి బుట్టలు రైలుకు అందించాలి గనుక రాత్రిళ్ళు అది మా గుడిసె పక్కనే ఉండేది. అమ్మ నీళ్ళన్నీ ముందు కుడి చక్రం మీదే పోసేది. నేను కూర్చునేది ఆ పక్కనే కదా. ఆ చక్రానికి తుప్పు పొక్కులు లేచాయి. నేను ఘనుణ్ణి, గీకి నూనె రాయకుండా పైన వెండిరంగు పూశాను. "మునెయ్యా, చక్రాలు పెళ్ళికొడుకు మాదిరి ఉండాయిరా" అని పద్మనాభయ్యగారు మెచ్చుకుంటే పొంగిపోయాను. పైన పటారం, లోన లొటారం.

అరవై ఒకటిలో ఒక శుక్రవారం సాయంత్రం నా కూతురు కామమ్మకు వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. ఐదేళ్ళ పిల్ల. అమ్మ వాము కషాయం పోసింది, అదీ నిలవలేదు. తెల్లారేసరికి పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి. చర్మం పట్టి లాగితే లాగినట్టే నిలబడింది. రొయ్యల బుట్టలు ఒడ్డునే వదిలేసి పిల్లను కారెక్కించాను. వెనక సీట్లో నా భార్య పేరమ్మ ఒళ్ళో పిల్ల, పక్కన అమ్మ.

చిట్టమూరు దాటి కొంత దూరం పోయాక ముందు కుడి టైరు పేలింది. గూడూరు ఇంకా ఆరు మైళ్ళు. గాలి లేకపోతే మానె, అలాగే లాగుదామని పోనిచ్చాను. ఫర్లాంగు పోకముందే టైరు పీలికలైంది. తుప్పు తిన్న రిమ్ము అంచు విరిగింది. కారు ఒరిగి ఆగిపోయింది.

వెనక డిక్కీలో మంచి చక్రం ఇంకొకటి ఉంది. ఐదు నట్లు విప్పితే చాలు. నాలుగు మూలుగుతూనే వచ్చాయి. ఐదోది కదల్లేదు.

స్పానరు మీద ఎక్కి నిలబడ్డాను. స్పానరు జారి మోకాలు చీరుకుపోయింది. కిరసనాయిలు పోశాను, రాయితో కొట్టాను. మళ్ళీ పట్టు వేసేసరికి నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారయ్యాయి. కారులోంచి పిల్ల "నీళ్ళు" అంటోంది. తాగిన గుక్క తాగినట్టే కక్కుతోంది.

అప్పుడే నిమ్మకాయల బస్తాలతో ఒక ఎద్దులబండి వచ్చింది. బండాయన పేరు హజరత్తయ్య. దిగి చక్రం చూశాడు, పిల్లను చూశాడు.

"అబ్బయా, పిల్లను నా బండిలో ఎయ్యి. రెండు బస్తాలు ఈడ దించేస్తా. మెల్లంగానైనా పోతా ఉంటాం గదా."

"ఒక్క నట్టే అన్నా. ఇంకో దెబ్బకు ఊడుద్ది. కారైతే పావుగంటలో చేరతాం."

పేరమ్మ అప్పటికే పిల్లను భుజాన వేసుకుని దిగింది. "బండిలో పోతాం" అంది.

"దిగొద్దు, కూర్చో. కారు పెట్టుకుని ఎద్దులబండేంది" అని కసిరాను. నాకు డ్రైవరునన్న పొగరు, దాని మీద భయం. ఆమె ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ ఎక్కింది.

హజరత్తయ్య తన గునపం నాకిచ్చాడు. "తుప్పుకు పులుపు మంచిది" అని పది నిమ్మకాయలు కూడా ఇచ్చి ఎద్దులను అదిలించాడు. కాయలన్నీ నట్టు మీద పిండాను. రాత్రంతా నానాల్సిన పని అది, నాకు తెలుసు. అయినా పిండాను. తాటాకులు తెచ్చి మంట పెట్టాను. నట్టు ఎర్రబడలేదు, నా చేతులే బొబ్బలెక్కాయి. పోలేరమ్మ తల్లికి మొక్కాను, ఆ తల్లినే తిట్టాను కూడా. ఇంకో దెబ్బ, ఇంకో దెబ్బ అనుకుంటూ మూడు గంటలు గడిపాను. చివరికి గునపం దూర్చి ఒళ్ళంతా వేసి తొక్కితే బోల్టు తెగి, నట్టుతో సహా దుమ్ములో పడింది. తెగిన చోట కందిబద్దంత మాత్రమే తెల్లటి ఇనుము కనిపించింది. మిగిలిందంతా తుప్పే.

నాలుగు నట్లతో చక్రం బిగించి గూడూరు చేరాను. మార్కెట్టు ముందు హజరత్తయ్య బండి ఖాళీగా ఉంది. ఎద్దులు గడ్డి మేస్తున్నాయి. పేరమ్మ దాన్ని చూసింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు రెండు చేతులూ, రెండు కాళ్ళూ వెతికారు. నరం దొరకలేదు. కాసేపటికి సూది పక్కన పెట్టేశారు.

"గంట ముందు తెచ్చుంటే ఉప్పునీళ్ళు ఎక్కించేవాణ్ణయ్యా" అన్నారు.

"ఉప్పునీళ్ళేనా సామీ?" అని అడిగింది అమ్మ.

అమ్మ గోడకు తల కొట్టుకుంది. "నిన్న శుక్రవారంరా మునెయ్యా. పిల్ల గోలలో పడి చక్రానికి దిష్టి తియ్యలేదు. అందుకే ఆ చక్రమే పోయింది. బిడ్డను నేనే పొట్టన పెట్టుకున్నా."

పిల్లను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు మిగతా మూడు చక్రాల నట్లు విప్పి చూశాను. కాస్త పట్టు వదిలించగానే చేత్తో తిరిగాయి. అవి అమ్మ ఉప్పునీళ్ళు పడని చక్రాలు. అమ్మ మీద కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. వెండిరంగు డబ్బా తీసి సముద్రంలోకి విసిరేశాను. ఎద్దులబండి వద్దన్న సంగతి మాత్రం ఎక్కడికి విసరను?

ఆ తర్వాతి శుక్రవారం అమ్మ ఈసారి రెండు గుప్పెళ్ళ ఉప్పు తెచ్చింది. నీ ఉప్పే ఆ చక్రాన్ని తినేసిందన్న మాట నా నోటి దాకా వచ్చింది. పేరమ్మ గడపలో నిలబడి నా వైపే చూస్తోంది. బండిలో పోతామన్న మాట ఆమె ఆ రోజు తర్వాత మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే నేను బతకలేనని ఆమెకు తెలుసు.

"పొయ్యమ్మా" అన్నాను.

అమ్మ పోయేదాకా ఏడేళ్ళు, ప్రతి శనివారం తెల్లారకముందే లేచి ఆ చక్రం మంచినీళ్ళతో కడిగాను. కొత్తగా వేయించిన దానితో సహా ఐదు నట్లూ విప్పి, గ్రీజు రాసి, మళ్ళీ బిగించాను. అమ్మ లేవకముందే పని అయిపోవాలని, బావి నుంచి నీళ్ళు పేరమ్మ మోసుకొచ్చేది.