పక్కచూపు

పక్కచూపు పోతోందని కంటి డాక్టరమ్మ చెప్పి మూడు నెలలవుతున్నా దర్జీ తన ఇంట్లో ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. సూదిలో దారం ఎక్కిస్తాడు, కాజాలు కుడతాడు. మోచేతి పక్కనున్న కత్తెర మాత్రం కనిపించదు. చెయ్యి తగిలి అది కింద పడితే, "దీనికి కాళ్ళొచ్చాయి" అని దాని మీదే నెపం పెట్టేవాడు.

బండి నడపడం మానేయమంది డాక్టరమ్మ. ఇది వంశంలో వచ్చేదని, కూతురికీ పరీక్ష చేయించమని చెప్పింది.

"మా నాన్నకి కళ్ళు పోయింది వెల్డింగ్ వల్లండీ" అన్నాడు దర్జీ.

"ఎవరు చెప్పారు?" అంది ఆవిడ.

ఎవరు చెప్పాలి? ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే అది. నిప్పురవ్వల ముందు కూర్చుని కూర్చునే ఆయన కళ్ళు ఆరిపోయాయని అందరూ అనుకుంటూ వచ్చారు. అందుకే కొడుకుని ఆ వెల్డింగ్ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. చిన్నప్పుడు దర్జీకి ఆ పనంటే పిచ్చి. ఒకసారి దొంగతనంగా వెళ్ళి నల్లద్దాల తొడుగు పెట్టుకుంటే, ఎన్నడూ చెయ్యెత్తని తండ్రి వీపు చిట్లగొట్టాడు. మర్నాడే తీసుకెళ్ళి కుట్టుపనిలో చేర్పించాడు.

ఇప్పుడా తండ్రికి ఎనభై నిండుతున్నాయి. "ఈసారి కూడా రాకపోతే ఇంక రావద్దులే" అని, ఆయన్ని తన దగ్గరే ఉంచుకున్న అక్క ఫోన్‌లో దులిపేసింది. ఎప్పటిలాగే కారులో వెళ్తామనుకుని భార్య బట్టలు సర్దేసింది. నడపనంటే ఎందుకని అడుగుతుంది. పగటిపూటే కదా, మెల్లగా పోవచ్చని తనకు తనే సర్దిచెప్పుకుని తాళాలు తీసుకున్నాడు.

దారంతా కూతురు వెనక సీట్లో వాగుతూనే ఉంది. నోరు మూతపడదు కనుకే దాన్ని అందరూ పిచ్చుక అంటారు. తాతయ్యకి పాడి వినిపించాలని ఒకే పాటని పదేపదే పాడి చివరికి నిద్రపోయింది.

మధ్యాహ్నం దాటాక ఇరుకు రోడ్డు వచ్చింది. ఎడమవైపు నుంచి ఒకాయన గడ్డిమోపు కట్టిన సైకిలు నెట్టుకుంటూ రోడ్డెక్కాడు. దర్జీకి ముందున్న రోడ్డు ఖాళీగానే కనిపించింది. "ఏమండీ!" అని భార్య కేక వేసేసరికే కారు అద్దం సైకిలు హాండిల్‌కి తగిలింది. మోపు ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు.

దర్జీ దిగి పరిగెత్తాడు. దేవుడి దయ, మోచేయి మాత్రమే గీసుకుపోయింది. ఆయన లేచి, మట్టి దులుపుకుని, దర్జీ కాలరు పట్టుకున్నాడు.

"ఇంత మనిషిని కనపడలేదా? కళ్ళు నెత్తికెక్కాయా?"

"కనపడలేదండీ" అన్నాడు దర్జీ. "నిజంగానే కనపడలేదు."

ఆ గొంతులో ఏం వినిపించిందో, ఆయన కాలరు వదిలేశాడు. ఇద్దరూ కలిసి మోపు కట్టారు. ఆయన తిట్టుకుంటూనే వెళ్ళిపోయాడు.

కారులోకి వచ్చాక దర్జీ భార్యకి అంతా చెప్పేశాడు. ఆమె చివరిదాకా విని, వెనక్కి తిరిగి నిద్రపోతున్న కూతుర్ని చూసింది.

"తెలిసి తెలిసి, దీన్ని వెనక పడుకోబెట్టుకుని నడిపారా?"

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "మామయ్యకి మాత్రం చెప్పకండి. ఆయన తట్టుకోలేరు" అంది. ఆమెకి కారు నడపడం రాదు. మిగిలిన దారంతా ముందుకి వంగి కూర్చుని, "ఎడమపక్క మేక. కుడిపక్క ఎవరూ లేరు. ఆగండి, ఎవరో దాటుతున్నారు" అని చెబుతూ వచ్చింది.

అక్క వాళ్ళ హాలు జనంతో నిండిపోయి ఉంది. షెడ్డులో తండ్రితో పనిచేసిన ముసలాళ్ళంతా వచ్చారు. కొత్త చొక్కా తొడిగి తండ్రిని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. పిచ్చుక పాట పాడింది. కేకు కోశారు.

ఎవరో ఏదైనా మాట్లాడమంటే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నేను సంపాదించిందేమీ లేదు. కళ్ళు కూడా షెడ్డుకే ఇచ్చేశాను. కానీ నా కొడుకు కళ్ళు కాపాడాను. నా బతుక్కి అది చాలు."

అందరూ చప్పట్లు కొట్టారు. దర్జీ భార్య తల దించుకుంది.

"ఏడిరా వాడు?" అంటూ తండ్రి కేకు ముక్క పట్టుకుని చెయ్యి చాపాడు. దర్జీ ఆయన పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరలో నిలబడి ఎదురుగా పిచ్చుకను చూస్తున్నాడు. ఆ చెయ్యి అతని చెంప పక్కన అలాగే ఆగి ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, నాన్న ఎంతసేపు పట్టుకోవాలిరా? చూడవేంటి?" అని అక్క నవ్వింది.

దర్జీ గభాలున తిరిగేసరికి ముక్క ముక్కుకి తగిలి కింద పడింది. అందరూ నవ్వారు, ఒక్క తండ్రి తప్ప.

జనం వెళ్ళాక ఆయన కొడుకుని తన గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు.

"రెండు వైపులా పోతోందా?"

అబద్ధం ఆడదామనుకున్నాడు దర్జీ. నోరు రాలేదు. "అవును నాన్నా."

"నాకూ అలాగే మొదలైంది. పక్కనున్న సుత్తి కనిపించేది కాదు." పెద్దాయన మంచం అంచు తడుముకుని కూర్చున్నాడు. "అయితే నిప్పు కాదన్నమాట."

"వంశంలో వస్తుందట."

"మా అమ్మ పొద్దువాలితే గోడ పట్టుకుని నడిచేది. రేచీకటి అనుకున్నాం." చెయ్యి చాపి కొడుకు వీపు తడిమాడు. "ఆ పని కోసం నువ్వు ఎంత ఏడ్చావురా! ఊరికే కొట్టాను నిన్ను."

"కుట్టుపని కూడా మంచిదే నాన్నా."

"ఆ మాట నాకు చెప్పకు. మరి పిల్లకి?"

"పరీక్ష ఇంకా చేయించలేదు."

ఆ పూట తండ్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున బావ కారు తాళాలు తీసుకున్నాడు. దర్జీ మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాడు. పిచ్చుక వెళ్ళొస్తానని చెప్పడానికి తాతయ్య దగ్గరికి పరిగెత్తింది. ఆయన దాని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేళ్ళు రెప్పల మీద ఆనించి, అలాగే ఉండిపోయాడు.

"తాతయ్యా, వదులు. నొప్పెడుతోంది."

ఆయనకి వినిపించలేదు. అక్క వచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.