చీర కట్టి చూపించే దొరబాబు నడుము

నేను ఒక నడుము బెల్టుని. వీపు వైపు నాలుగు ఉక్కు బద్దలు, పక్కల సాగే గుడ్డ, పొట్ట వైపు అతికిస్తే అతుక్కునే, లాగితే చర్రుమనే గరుకు పట్టీ. మనుషుల వెన్ను నిలబెట్టడానికి పుట్టానని నా డబ్బా మీద రాశారు. ఎనిమిదేళ్ళ సర్వీసులో నేను చూసింది వేరు. మనుషులు నడుముని బాగుచేసుకోరు. దానికి బదులుగా పనిచేసేదాన్ని వెతుక్కుంటారు.

నన్ను ఒక రేకుల షెడ్డులో కుట్టారు. కుట్టినావిడ రోజుకి పది గంటలు మిషను మీద వంగి ఉండేది. సాయంత్రం లేచేటప్పుడు గోడ పట్టుకునేది. ఆవిడకి మాత్రం బెల్టు లేదు. మనుషుల మీద నా ఎగతాళి ఆ షెడ్డులోనే మొదలైంది.

నా మొదటి యజమాని రాజమండ్రిలో బ్యాంకు మేనేజరు భానుమూర్తి గారు. నడుము పట్టేసిందని నన్ను కొన్నాడు. నాతోపాటు బూట్లు, టీషర్టు, నీళ్ళ సీసా కూడా కొన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఒళ్ళు వంచని మనిషి మొదటి ఉదయమే వెల్లకిలా పడుకుని లేస్తూ అరవై బస్కీలు తీయబోయాడు. నలభై రెండోది తీస్తూ కేక పెట్టాడు. మంచం ఎక్కించడానికి ముగ్గురు పట్టారు. అప్పటినుంచి ఆయన వ్యాయామం చేయలేదు, ఎలా చేయాలో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను బాత్రూమ్ తలుపు వెనక మేకుకి మూడేళ్ళు వేలాడాను.

ఆ ఇంటి కింద వాటాలో ఉండేవాడు దొరబాబు. వయసు నలభై ఆరు, బరువు తొంభై ఎనిమిది. తాడితోట బట్టల మార్కెట్లో చీరల షాపు సేల్స్‌మన్. పరుపు మీద కూర్చుని చీరలు విసరడం అందరూ చేసేదే. దొరబాబు లేచి నిలబడి చీర తన ఒంటికే చుట్టుకునేవాడు. కుచ్చిళ్ళు పోసి, పైట వేసి, చిన్నగా ఒక చుట్టు తిరిగేవాడు. అంత మీసాలున్న మనిషి అలా తిరిగితే ఆడవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు, తరవాత కొనేవాళ్ళు.

ఒకరోజు చీరల మూట ఎత్తబోతూ అలాగే వంగి ఉండిపోయాడు. నాలుగు రోజుల తరవాత షాపుకి వెళితే షావుకారు సన్యాసిరావు గారు పక్కకి పిలిచాడు.

"ఏమయ్యా దొరబాబూ, చుట్టు తిరిగేసరికే చీర అయిపోతోంది. కుచ్చిళ్ళకి గుడ్డేదయ్యా? మూడొస్తే గొప్ప. కస్టమర్లు చీర చూడ్డం మానేసి నీ పొట్ట చూస్తున్నారు. నీ బదులు చీరలు కట్టి నిలబెట్టడానికి బొమ్మలకి ఆర్డరిచ్చాను. ఆషాఢం సేల్ నాటికి తగ్గావా, కౌంటర్ నీదే. లేదా, పైన గోడౌన్లో బేళ్ళు దించుకో."

బట్టలు బిగించి కట్టిన బేలు ఒక్కోటీ నలభై కిలోలు. ఆ నడుముతో గోడౌన్‌కి వెళితే వారం తిరక్కుండా మంచం పడతాడు. వేరే షాపులో నలభై ఆరేళ్ళవాడిని ఎవరూ తీసుకోరు. చేతిలో ఉన్నది రెండు నెలలు.

అప్పుడు భానుమూర్తి గారు మేకు మీదినుంచి నన్ను తీశాడు. "కొత్తదెందుకయ్యా, నాది ఉందిగా. మందుల చీటీ కూడా ఉంది, అవే వాడు. రోజూ అరవై బస్కీలు తియ్యి."

తన నడుము విరగ్గొట్టిన చిట్కాని ఇంత ప్రేమగా పంచేది మనిషి ఒక్కడే.

దొరబాబు కాస్త తెలివైనవాడు, డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆపరేషన్ అక్కర్లేదని, బరువు తగ్గమని చెప్పి ఆయన ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడ హెప్సిబా అని పాతికేళ్ళ అమ్మాయి ఉండేది.

"అంకుల్, బెల్టు బరువెత్తేటప్పుడూ బస్సెక్కేటప్పుడూ పెట్టుకోండి. అదీ పది రోజులే. పడుకుని చేసేవి మూడు చెప్తాను. పది నిమిషాలు నడవండి. బస్కీలు వద్దు. కాల్లోకి నొప్పి దిగితే ఆపేసి నా దగ్గరికి రండి."

ఇంత చెబితే దొరబాబు చెవికి ఎక్కింది 'బెల్టు' అన్న ఒక్క మాటే.

మర్నాడు నన్ను చొక్కా కింద బిగించి అద్దంలో చూసుకున్నాడు. పొట్ట రెండంగుళాలు లోపలికి పోయింది. అతని మొహం వెలిగిపోయింది. ఆ క్షణం నుంచి నేను వైద్యం కాదు, మోసం. పొద్దున్న తొమ్మిదికి కడితే రాత్రి తొమ్మిదికి విప్పేవాడు. ఊపిరి సగమే పీల్చేవాడు. షావుకారు "తగ్గినట్టున్నావే!" అంటే నా లోపల పొట్ట పొంగేది.

నడక కూడా మొదలుపెట్టాడు. పది నిమిషాలు చాలదని మొదటిరోజే గోదావరి గట్టు మీద గంట నడిచాడు. తిరిగి వస్తూ బండి దగ్గర ఆగి ఉప్మా పెసరట్టు రెండు తిన్నాడు. సాయంత్రానికి కాలు లాగేసింది.

"నడిచింది గంట, తిన్నది వారానికి సరిపడా" అంది భార్య మంగతాయారు, వేడినీళ్ళ సంచి విసురుగా ఇస్తూ. "ఇదేం తగ్గడమండీ? పెసరట్లకి కాళ్ళొచ్చి మీ దగ్గరికి నడిచొచ్చాయా?"

నెల గడిచింది. తూకంలో తొంభై ఎనిమిదిన్నర. నడుము మరీ మొద్దుబారింది, నేను లేకపోతే కుర్చీలోంచి లేవలేని స్థితికి వచ్చాడు. నాకు కించిత్తు గర్వంగానే ఉండేదని ఒప్పుకుంటున్నాను.

మంగతాయారు అతన్ని మళ్ళీ హెప్సిబా దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ అమ్మాయి చొక్కా ఎత్తి నన్ను చూసింది.

"రోజంతానా అంకుల్?"

"ఆయ్. మీరే పెట్టుకోమన్నారు కదండీ."

"పదిరోజులన్నాను! మీ నడుము చేయాల్సిన పని ఇది చేస్తుంటే, అది హాయిగా నిద్రపోతోంది. తియ్యండి."

"తీస్తే పడిపోతానండీ."

"నేల మీదే పడుకోబెడతాను. ఇంకెక్కడికి పడతారు?"

అలా మొదలైన వ్యాయామం చూసి నాకు నవ్వు ఆగలేదు. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుముని నేలకి అదిమి అయిదు అంకెలు లెక్కపెట్టడం. పిరుదులు జానెడు పైకెత్తి దించడం. గోడకి వీపు ఆనించి నిలబడటం. చెమటైనా పట్టదు! టీ వేళకి పది నిమిషాల నడక, భోజనమయ్యాక ఇంకో పది. పొద్దున పెసరట్టు ఒకటి, ఉప్మా లేకుండా. రాత్రి అన్నం సగం. కింద పడినదేదైనా తీయాలంటే నడుము కాదు, మోకాళ్ళు వంచాలట. షాపులో అలా కూర్చుని లేస్తుంటే తోటివాళ్ళు "దండాలు పెడుతున్నావా అన్నా?" అన్నారట. అప్పటికి ఇంట్లో బీరువాలో పడి ఉన్న నేను వాళ్ళ పక్షమే.

సేల్ ముందురోజు తూగితే తొంభై మూడు. అయిదు కిలోలు! ఇంతదానికా ఈ హడావిడి? పొట్ట పొట్టలాగే ఉంది. దొరబాబుకీ అలాగే అనిపించినట్టుంది. సేల్ పొద్దున నన్ను బీరువాలోంచి తీసి, ఎన్నడూ లేనంత బిగించాడు.

షాపు కిటకిటలాడుతోంది. గల్లా పక్కన ప్లాస్టిక్ బొమ్మలు మూడు, కవర్లు కూడా విప్పకుండా వరుసగా నిలబడి ఉన్నాయి. షావుకారు కళ్ళు దొరబాబు మీదే ఉన్నాయి. ముందు వరసలో ఒక లావుపాటావిడ వంగపండు రంగు పట్టుచీర ఎంచింది. దొరబాబు లేచాడు, చుట్టుకున్నాడు, కుచ్చిళ్ళు పోయడానికి గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

నా పట్టీ పాతది, దాని నిండా నూలుపోగులు. తట్టుకోలేకపోయాను.

చర్ర్‌ర్‌ర్!

చీరల షాపులో ఆ చప్పుడు చావు కబురు లాంటిది. చేతులన్నీ ఆగిపోయాయి.

"చిరిగిపోయింది!" అంది లావుపాటావిడ. "కట్టకముందే చిరిగే పట్టుచీరా మాకు అంటగడుతున్నారు?"

వెనక కూర్చున్నవాళ్ళు చేతుల్లోని చీరలు కింద పెట్టేశారు. షావుకారు గల్లా వదిలి పరిగెత్తుకొచ్చాడు. "ఎక్కడ చిరిగిందిరా దొరబాబూ?"

అవునంటే షాపు పరువు పోతుంది. కాదంటే తన పరువు పోతుంది. దొరబాబు చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి, అందరి ముందూ నన్ను బయటికి లాగాడు.

"చీర కాదండీ. నా నడుం బెల్టండీ."

పొట్ట తన చోటికి తను వచ్చేసింది.

"నడుం నొప్పా?" అంది ఆవిడ.

"ఆయ్."

"పొట్ట కనపడకుండానా?"

"అదీ ఉందండీ."

షాపంతా నవ్వు. నేను పరుపు మీద పడి ఉన్నాను. కుచ్చిళ్ళు పోయాల్సిన చెరగు జారి అతని పాదాల దగ్గర కుప్పపడింది. ఇప్పుడు వంగుతాడు, కటుక్కుమంటుంది, నన్ను వెతుక్కుంటాడని కాచుకున్నాను.

దొరబాబు వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళు వంచి కిందికి దిగాడు. జారిన చీర అందుకున్నాడు. లేచాడు. చప్పుడు లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు మడతలు వచ్చాయి. పైట వేసి ఒక చుట్టు తిరిగాడు.

లావుపాటావిడ అయిదు కుచ్చిళ్ళూ చూసింది. తన పొట్ట చూసుకుంది. "ఆయన మీద నిలిచాయంటే నా మీదా నిలుస్తాయి. ఇది కట్టించండి. ఆ నెమలికంఠం రంగుదీ కట్టి చూపించండి."

ఆ రోజు దొరబాబు ముప్ఫై ఏడు సార్లు కూర్చున్నాడు, ముప్ఫై ఏడు సార్లు లేచాడు. నేను లెక్కపెట్టాను, తప్పుతాడేమోనని. షావుకారు మెచ్చుకోలేదు. బొమ్మల్ని కౌంటర్ దగ్గరికి రానివ్వకుండా వీధి వైపు అద్దాల బీరువాలో పెట్టించాడు, అంతే.

వాటిలో ఒకదానికి నడుము దగ్గర అతుకు వదులు. పైభాగం ముందుకి వాలిపోతోందని నన్ను తెచ్చి బిగించారు, పైన చీర కట్టారు. నాకు ఇంతకాలానికి సరైన నడుము దొరికింది. ఇది ఎప్పటికీ బలపడదు.

టీ వేళకి దొరబాబు అద్దం ముందునుంచి పది నిమిషాల నడకకి వెళుతుంటాడు. పొట్ట ఇప్పటికీ అతనికంటే ముందే నడుస్తోంది. ఎగతాళి చేద్దామని రోజూ సిద్ధంగా ఉంటాను. అతను ఒక్కసారైనా నావైపు చూడడు.