ఒక్క మరణమూ లేని పరిశోధన

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది ప్రసన్నకుమారి టీచరు భర్త ఎజ్రా ఏలూరులో హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇంటికొచ్చాక కుట్లు చీముపట్టాయి. చుట్టాలున్నారని తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో చేర్చారు. అక్కడే పోయాడు.

ఆపరేషన్‌కి ముందు, సర్జరీ నేర్చుకుంటున్న నవీద్ అనే కుర్రడాక్టరు ఆయన సంతకం అడిగాడు. ఆ రెండు ఆసుపత్రుల జూనియర్లూ కలిసి, ఎందరికి కుట్లు చీముపడుతున్నాయో పరిశోధన చేస్తున్నారట.

"నా పొట్ట కూడా చదువుకి పనికొచ్చిందండోయ్ టీచర్‌గారూ," అని నవ్వుతూ సంతకం పెట్టాడు ఎజ్రా.

నెల తిరిగాక నవీద్ ఫోన్ చేశాడు.

"ఎజ్రాగారున్నారా అండీ? కుట్లెలా ఉన్నాయో కనుక్కుందామని."

"ఆయన పోయారండి. గూడెం ఆసుపత్రిలో."

"అయ్యో, సారీ అండీ." కాస్త ఆగి, "గూడెంలోనా?" అన్నాడు. ఆ గొంతు తేలికపడటం ఆమెకు వినిపించింది.

తర్వాత ఒక ఉదయం జిల్లా పేపర్లో ఫొటో పడింది. టైలు కట్టుకున్న జూనియర్లు, కింద అందరి పేర్లూ. వాళ్ల పరిశోధనకు బహుమతి వచ్చింది. చేసిన ఆపరేషన్లలో ఒక్క మరణమూ లేదట.

ఆమె సెలవు పెట్టి ఏలూరు బస్సెక్కింది.

జూనియర్ల గదిలో నవీద్, గూడెం నుంచి వచ్చిన వెస్లీ అనే మరో డాక్టరు కాజాలు తింటున్నారు. "తీసుకోండి మేడం, ప్రైజొచ్చింది," అంటూ వెస్లీ పెట్టె చాపాడు.

"ఎజ్రాని ఏమని రాశారు?" అందామె.

నవీద్ ఆమెను గుర్తుపట్టాడు. "'మళ్లీ రాలేదు' అని అండీ. మా దగ్గర చనిపోలేదు కదా."

"మా దగ్గర ఆపరేషన్ జరగలేదు కదండీ. కోత వీళ్లది," అన్నాడు వెస్లీ.

"చావు వీళ్లది," అన్నాడు నవీద్.

ఇంకు సీసా పగిలినప్పుడు ఆమె రెండో తరగతి పిల్లలు అచ్చం ఇలాగే మాట్లాడతారు. వాళ్లకి టైలుండవు, అంతే.

"మా బడిలో పిల్లాడు పోతే రోజూ ఆబ్సెంటు వెయ్యమండి. పేరు కొట్టేసి, ఎందుకు కొట్టేశామో రాస్తాం."

"సరిచేస్తాం మేడం, రేపు..."

"రేపు తెస్తామనే వాళ్లతోనే నా ఉద్యోగం." ఆమె కుర్చీ లాక్కుని కంప్యూటర్ పక్కన కూర్చుంది. "నేను చూస్తుండగా రాయండి."

"ఏ ఆసుపత్రి కింద?" అన్నాడు నవీద్.

"ఫొటోలో పేర్లు పంచుకున్నారుగా. ఇదీ పంచుకోండి."

"రెండుచోట్లా రాస్తే రెండు చావులవుతాయి మేడం," అన్నాడు వెస్లీ, నిజంగానే కంగారుపడి.

"ఒక్కటే బాబూ. ఆయన పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను."

నవీద్ తలెత్తకుండా ఏలూరు కింద 'మరణం' అని కొట్టాడు. ఆమె తెర దగ్గరికి వంగి ఆ మాట చదివి, లేచింది.

గుమ్మం దాటుతుంటే వెనక వెస్లీ గొంతు తగ్గించి అడుగుతున్నాడు.

"ఒరేయ్, మరి ప్రైజో?"